రెండో అంతస్తులో ఆగిపోయిన పిల్ల

ఈత కొలను మెట్ల మీద నుంచి,
మార్చి, మంగళవారం సాయంత్రం

అక్కా,

కాగితం తడిసి ఉంటే ఏడుస్తూ రాశాననుకోకు. పెద్దవాడు కొలనులోంచి లేచి వచ్చి, ఎవరికి రాస్తున్నావని అడుగుతూ జుట్టులో నీళ్లన్నీ దీని మీదే దులిపాడు. వాడికి పదకొండు నిండాయి కదా, ఇప్పుడు ఈతలో జిల్లా జట్టు అంటున్నారు. అంటే వారానికి మూడు రోజులు ఈ మెట్ల మీద నా కాపురం.

మా ఇంటి వారం ఎలా నడుస్తోందో చెప్తాను, విను. సోమవారం పిడుగుకి జిమ్నాస్టిక్స్. మంగళ, గురు, శనివారాలు పెద్దవాడి ఈత. బుధ, శుక్రవారాలు నడిపిదాని డాన్సు. నత్తకి చదరంగం కూడా బుధవారమే పడింది, అదీ డాన్సు మొదలైన పావుగంటకి, ఊరికి అటు చివర. కవలలంటే ఇద్దరూ ఒకే చోట ఒకే పని చేస్తారనుకుని మురిసిపోయాను. ఆరేళ్లు వచ్చేసరికి పిడుగు గోడలెక్కుతోంది, నత్త ఒక్క బంటుని జరపడానికి పది నిమిషాలు ఆలోచిస్తున్నాడు. ఇదంతా ఫ్రిజ్ తలుపు మీద పట్టిక గీసి పెట్టాం. నీ మరదలు రైల్లో మూడు రోజులు టికెట్లు చూసి వచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉండి మళ్లీ వెళ్తుంది. ఆ రెండు రోజులు ఆమె పేరు ఆకుపచ్చ, మిగతా అన్ని గళ్లలోనూ నా పేరు ఎరుపు. దూరం నుంచి చూస్తే నాకేదో జబ్బు చేసినట్టుంటుంది ఆ పట్టిక.

వీటన్నిటి మధ్యలో ఊళ్లో లిఫ్టులు ఆగిపోతూనే ఉంటాయి, బాగుచేయడానికి నేను పరుగెత్తుతూనే ఉంటాను. నిన్న ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఇరుక్కున్న ఒక పెద్దాయనతో తలుపు సందులోంచి నలభై నిమిషాలు మాట్లాడాను. పైన మెషిన్ గదిలో మావాడు బ్రేకు విడిపించేదాకా ఆయన్ని కంగారు పడనివ్వకూడదు కదా. మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి అల్లుడి కోపం దాకా అన్నీ చెప్పాడు. బయటకి వచ్చాక, తన మాటలు ఇంత శ్రద్ధగా ఎవరూ విని చాలా ఏళ్లయిందని చెయ్యి పట్టుకున్నాడు.

పిల్లల్లో నన్ను ఇబ్బంది పెట్టనిది నడిపిదే. తొమ్మిదేళ్లకే దాని పని అది చేసుకుంటుంది, దాని సంచి అది సర్దుకుంటుంది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప.

నువ్వు మొన్న జనవరిలో వచ్చి వెళ్లినప్పటి నుంచీ నీ గొంతు విననే లేదు. ఆ సొరంగం శిబిరంలో సిగ్నల్ ఉండదని తెలుసు. మందులు తేవడానికి పదిహేను రోజులకోసారి కిందికి దిగుతావు కదా, అక్కణ్ణుంచి ఒక్కసారి ఫోన్ చెయ్యకూడదా? ఉత్తరమే రాయమన్నావు, రాస్తున్నాను. ఈ కాలంలో తపాలా బిళ్లలు ఎక్కడ అమ్ముతారో వెతుక్కోవడానికే నాకు ఒక పూట పట్టింది.

నీ తమ్ముడు


శిబిరం, మందుల గది,
మార్చి నెలాఖరు

తమ్ముడూ,

గురువారం సామాన్ల లారీలో నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. ఫోన్‌లో అయితే ఒక్కసారి విని మర్చిపోయేదాన్ని. చూశావా, ఉత్తరమే మేలు. కిందికి దిగినప్పుడు మందుల లెక్క చూసుకోవడం, సంతకాలు పెట్టించుకోవడం, లారీ వెళ్లిపోతుందేమోనని పరుగెత్తడంతోనే సరిపోతుంది. ఫోన్ సంగతి వదిలెయ్.

ఇక్కడ కొత్తేమీ లేదు. సొరంగం అటు నుంచి, ఇటు నుంచి తవ్వుకుంటూ వస్తున్నారు. ఇంకో ఏడాదిలో మధ్యలో కలుస్తారట. నా దగ్గరికి వేళ్లు నలిగినవాళ్లు, కళ్లలో దుమ్ము పడినవాళ్లు, ఇంటి మీద బెంగతో కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్లు వస్తారు. ముగ్గురికీ కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వడంతోనే వైద్యం మొదలవుతుంది. మిగతా సమయమంతా ప్రశాంతంగా ఉంటుంది.

నీ ఉత్తరంలో పెద్దవాడికి ఒక పేరా, కవలలకి ఒక పేరా, లిఫ్టులో ఇరుక్కున్న పెద్దాయనకి ఒక పేరా ఇచ్చావు. నడిపిదానికి నాలుగు ముక్కలు, ఆ నాలుగూ రాయడానికి ఏమీ లేదని చెప్పడానికే. ఎత్తిపొడుస్తున్నానని అనుకోకు. నాకు భయం వేసి రాస్తున్నాను.

అమ్మ మంచం పట్టాక మీ ముగ్గుర్నీ నేను చూసుకున్నప్పుడు నాకు పదహారేళ్లు. నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి విరగ్గొట్టేవాడివి, కాబట్టి నిన్ను చూశాను. మీ ముగ్గురిలో పెద్దవాడు తిరగబడేవాడు, కాబట్టి వాడిని చూశాను. మధ్యవాడు కంచం కడిగి బోర్లించి, పుస్తకం పట్టుకుని మూల కూర్చునేవాడు. వాడు బంగారం అని అందరితో చెప్పేదాన్ని. వాడు ఆ మూల కూర్చుని ఏం ఆలోచించేవాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఇప్పుడు ఏడాదికోసారి రెండు వాక్యాలు పంపిస్తాడు, క్షేమం అని. ఆ రెండు వాక్యాల్లో నాకు తెలియని మనిషి ఎవరో ఉన్నాడు.

దానితో ఒకసారి ఊరికే కూర్చో.

అక్క


వ్యానులోంచి, డాన్సు క్లాసు గేటు ముందు,
ఏప్రిల్, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం నాకు గుచ్చుకుంది. మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. తర్వాత నువ్వు చెప్పినట్టే చేద్దామని, నిన్న పెద్దవాడి ఈతకి నడిపిదాన్ని కూడా తీసుకెళ్లి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. డాన్సు ఎలా సాగుతోందని అడిగితే బాగుందంది. ఏం నేర్పారని అడిగితే కాసేపు నా ముఖంలోకి చూసి, రెండు చేతులూ ఎత్తి ఏవో ముద్రలు పట్టి చూపించింది. వేళ్లు ఎంత చురుగ్గా కదులుతున్నాయో నువ్వు చూడాలి. ముఖం కూడా చేతులతో పాటే మారుతోంది. భలే ఉంది, మళ్లీ చెయ్యమన్నాను. సంతోషంగా మళ్లీ చేసింది. ఇంతలో ఒక ఆసుపత్రిలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిందని ఫోను. ఆ ఫోను అయ్యేసరికి అది చేతులు ఒళ్లో పెట్టుకుని నీళ్లకేసి చూస్తోంది.

ఇదీ నా బతుకు. ఇప్పుడు కూడా దాన్ని గేటు దగ్గర దింపి, నత్తని చదరంగానికి తీసుకెళ్లే ముందు రెండు నిమిషాలు దొరికితే రాస్తున్నాను. వ్యాను ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవడానికి మొండికేస్తోంది, అందుకని ఎక్కడా ఆపను. అది దిగి చెయ్యి ఊపి లోపలికి వెళ్తుంది, నేను గేరు మారుస్తాను.

పిడుగు బీమ్ మీద నుంచి పడి పెదవి చిట్లగొట్టుకుంది. ఏడవలేదు. నత్త మాత్రం దాని కోసం ఏడ్చాడు. నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. నువ్వు వచ్చినప్పుడు తనతో సరిగ్గా కలవలేదని, నువ్వేదో ముభావంగా ఉన్నావని, తన వల్ల ఏమైనా తప్పు జరిగిందేమోనని బాధపడుతోంది. అదేం లేదని సర్దిచెప్పాను. నిజంగా ఏం లేదు కదా?

నీ తమ్ముడు


శిబిరం,
ఏప్రిల్ మూడో వారం

తమ్ముడూ,

మరదలి తప్పు ఏమీ లేదు. ఆమెకి ప్రత్యేకంగా చెప్పు. అప్పుడు నేనే ఒంట్లో బాగా లేక ముక్తసరిగా ఉన్నాను.

పిడుగు పెదవికి చల్లటి గుడ్డ పెట్టండి చాలు. నత్త ఏడుపుకి మందు లేదు, అది పోగొట్టకండి కూడా.

నడిపిది చేతులతో చూపించినప్పుడు మళ్లీ చెయ్యమన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది. అది నాకు కూడా ఉత్తరాలు రాస్తూ ఉంటుంది, నీకు తెలుసో లేదో. జనవరిలో బిళ్లలంటించిన కవర్లు దానికిచ్చి వచ్చాను. ఏం రాస్తుందని అడగకు. అవి మా ఇద్దరివి.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఈసారి పొట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అక్క


ఇల్లు, వంటగది బల్ల దగ్గర,
మే, గురువారం ఉదయం

అక్కా,

నిన్న సాయంత్రం నుంచీ నీకు ఏమని రాయాలా అని ఆలోచిస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక నువ్వే చెప్పు.

బుధవారం కదా, నాలుగున్నరకి నడిపిదాన్ని డాన్సు దగ్గర దింపాను. నత్తని చదరంగంలో వదిలేసరికి ఆఫీసు నుంచి ఫోను. ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకోవడం లేదట. అడ్రసు చూస్తే డాన్సు క్లాసు ఉన్న బిల్డింగే. పోనీలే, తిరుగు ప్రయాణంలో దాన్ని కూడా ఎక్కించుకోవచ్చని వెళ్లాను. మూడో అంతస్తులో తలుపు గాడిలో ఎవరిదో గాజు ముక్క ఇరుక్కుంది. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని తీస్తుంటే డాన్సు టీచరు బయటకి వచ్చింది. నన్ను గుర్తుపట్టి, పాప కాలు ఎలా ఉందని అడిగింది. ఏ కాలు అన్నాను. రెండు నెలలుగా కాలు బెణికి రావడం లేదు కదా, రెండుసార్లు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు అంది.

ఆ ఫోన్లు నాకు గుర్తున్నాయి అక్కా. తర్వాత చేద్దామనుకున్నాను.

అరగంట క్రితం నా చేతులతో దింపిన పిల్ల ఆ గదిలో లేదు. నేను కిందికి పరుగెత్తాను. గేటు దగ్గర లేదు. రోడ్డు మీద లేదు. మళ్లీ పైకి, టెర్రస్ దాకా వెళ్లాను, తాళం వేసి ఉంది. ఇరుక్కుపోయినవాళ్లకి ఊపిరి నెమ్మదిగా తీసుకోండని రోజూ చెప్పేవాణ్ని, నాకు ఊపిరి ఎలా తీసుకోవాలో గుర్తు రాలేదు. మెట్లు దిగుతూ ఒక్కో తలుపూ తోస్తూ వచ్చాను. రెండో అంతస్తులో ఒక తలుపుకి చిన్న అద్దం ఉంది. లోపల పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు, పెద్దవాళ్లు, పిల్లలు. అందరి ముఖాలూ నవ్వుతున్నాయి, గదిలోంచి ఒక్క మాట రావడం లేదు. చేతులు మాత్రం కదులుతున్నాయి. వాళ్ల మధ్యలో నా కూతురు ఒక ముసలావిడకి ఎదురుగా కూర్చుని, ఆ రోజు మెట్ల మీద నాకు చూపించిన ముద్రలే పడుతోంది. అప్పుడు తెలిసింది అది డాన్సు కాదని. తలుపు మీద బోర్డు అప్పుడు చదివాను, సైగల భాష అని.

అది నన్ను చూసింది. దాని చేతులు ఆగిపోయాయి.

వ్యానులో దాన్ని అడిగాను. మార్చిలో ఒకరోజు డాన్సుకి మెట్లెక్కుతూ ఆ అద్దంలోంచి చూసి ఆగిపోయిందట. అక్కడి టీచరుతో నాన్నకి తెలుసని అబద్ధం చెప్పిందట. డాన్సు టీచరుతో కాలు బెణికిందని ఇంకో అబద్ధం. ఎందుకు అని మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి ఒక్కటే అంది, "అత్తకి తెలుసు నాన్నా. ఎందుకో చెప్పకూడదు. అత్తకి మాటిచ్చాను."

నాలుగు పేజీలు రాస్తే నాలుగు ముక్కలు నాకు తిప్పికొట్టావు. కూతుర్ని చూసుకోవడం రాదని తెలిసేలా చెప్పావు. ఆ రోజు అది ఎక్కడ ఉందో నీకు తెలుసు. ముద్రల గురించి నేను రాసినప్పుడు కూడా నీకు తెలుసు. నన్ను చూసి నవ్వుకున్నావా? తొమ్మిదేళ్ల పిల్లతో తండ్రి దగ్గర దాచమని మాట తీసుకోవడం ఏ న్యాయం? నన్ను పెంచావు, కాదనను. నా పిల్లల్ని కూడా నువ్వే పెంచక్కర్లేదు.

తమ్ముడు


శిబిరం, మందుల గది,
మే నెలాఖరు

తమ్ముడూ,

నీ కోపం న్యాయమే. మొదటి తప్పు నాది, దానిది కాదు. దాన్ని ఏమీ అనకు. ఇప్పుడు రాసేది నీకు, మరదలికి. పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నడిపిదానికి మాత్రం ఎప్పుడో తెలుసు.

నాకు వినపడడం లేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు వస్తాయి. మూడేళ్లుగా రోజుకి రెండుసార్లు సొరంగంలో పేలుడు, నేను ఉండే గది దాని నోటి దగ్గరే. మొదట ఈల లాంటి శబ్దం ఉండేది, తర్వాత అదీ పోయింది. ప్రశాంతంగా ఉంటుందని నీకు రాశాను చూడు, అది అబద్ధం కాదు, కానీ నిజం చెప్పినట్టూ కాదు. ఫోన్ చెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. లారీ వెళ్లిపోతుందని కాదు.

జనవరిలో మీ ఇంట్లో పది రోజులున్నాను. నువ్వు, మరదలు ఏం అడిగినా ముఖం చూసి ఊఁ అన్నాను. ఒకరోజు పొయ్యి మీద టీ నీళ్ల కెటిల్ పెట్టి కూర తరుగుతున్నాను. అది కూత పెడుతూనే ఉందట. నడిపిది వచ్చి పొయ్యి కట్టేసి, నా వెనక నిలబడి, "అత్తా" అందట. మళ్లీ అందట. నేను తరుగుతూనే ఉన్నాను. అప్పుడు ముందుకి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఏమీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి నాతో ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి, నా కళ్లలోకి చూసి, నెమ్మదిగా చెప్పేది. ఇంట్లో ఆరుగురు ఉన్నారు. దానికొక్కదానికే తెలిసింది.

నేను ఇక్కడికి వచ్చిన వారానికి దాని ఉత్తరం. అత్తా, నీకు వినపడదు కదా, నాన్నకి చెప్పనా అని. వద్దని రాశాను. మాట తీసుకున్నాను. నీకు నలుగురు పిల్లలు, ఆగిపోయిన లిఫ్టులు, ఎరుపు గళ్లు, మళ్లీ నేను కూడా ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు సిగ్గేసింది. మిమ్మల్ని ముగ్గుర్నీ లెక్కపెట్టి నిద్రపుచ్చినదాన్ని, ఎవరో నన్ను లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. సైగల క్లాసులో చేరానని తర్వాతి ఉత్తరంలో రాసింది. మానేసి డాన్సుకి వెళ్లమని నేను చెప్పాలి. చెప్పలేదు. ప్రతి ఉత్తరంలోనూ అది నాలుగు సైగలు బొమ్మలు గీసి పంపేది. నేను వాటిని అల్మారా లోపలి తలుపుకి అంటించుకున్నాను. ఒక్కటీ నేర్చుకోలేదు. చూసుకునేదాన్ని.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పదిహేను రోజుల క్రితం ఒక పనివాడు ఆయాసంతో వచ్చాడు. స్టెతస్కోపు వాడి వీపు మీద పెట్టాను, విన్నట్టు తల ఊపాను. నాకేం వినపడలేదు. వాడి పెదవుల రంగు చూసి భయపడి కిందికి పంపించాను కాబట్టి బతికాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. డాక్టరు, సమయానికి పంపారు అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు మెతుకు దిగనివ్వలేదు. రంగు మారకముందే వచ్చి ఉంటే ఏమయ్యేది? రేపు శిబిరం ఇన్‌చార్జికి అంతా చెప్పేస్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

నీ పిల్లల్ని నేను పెంచక్కర్లేదన్నావు. నిజమే. ఈ నాలుగు నెలలూ నీ కూతురే నన్ను చూసుకుంది.

అక్క


ఇల్లు,
జూన్, ఆదివారం

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగూ చింపేశాను. ఇది చింపను, ఎలా వచ్చినా పంపేస్తాను.

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. సగంలో లేచి వెళ్లి బాల్కనీలో నిలబడింది. జనవరిలో నువ్వు తన మాటలకి జవాబివ్వలేదని అలిగి, చివరి రెండు రోజులు నీతో ముక్తసరిగా ఉందట. అది గుర్తు చేసుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఏడుపు కన్నా పరువు పోయినట్టు అనిపించింది. తలుపు సందులోంచి గొంతు వింటే చాలు, లోపలున్న మనిషి భయపడుతున్నాడో లేదో చెప్పగలనని అందరి దగ్గరా గొప్పలు పోతాను. పది రోజులు మా ఇంట్లో తిరిగిన మా అక్కని కనిపెట్టలేకపోయాను.

తర్వాత నడిపిదాన్ని పిలిచాను. అత్త అంతా రాసేసింది, నువ్వు మాట తప్పినట్టు కాదు అని ముందు చెప్పాను. దాని భుజాలు దిగిపోవడం నాకు కనిపించింది. ఇన్నాళ్లూ ఎంత బరువు మోసిందో. అబద్ధాలు ఆడినందుకు కోప్పడ్డాను, అది తప్పదు కదా. రెండు గంటలు అది ఎక్కడుందో మాకు తెలియకపోతే ఏమయ్యేదో చెప్పాను. తలదించుకుని వింది. అప్పుడు అడిగాను, అత్త సంగతి చెప్పకూడదు సరే, డాన్సు వద్దు, ఆ క్లాసు కావాలని మాత్రం నాతో చెప్పొచ్చు కదా అని.

"చెబుదామని మూడుసార్లు అనుకున్నాను నాన్నా. నువ్వు ఎప్పుడూ ఇంజన్ ఆపలేదు" అంది.

కోపంగా అనలేదు. టైము అడిగితే టైము చెప్పినట్టు అంది.

బుధవారం వ్యాను ఆపేశాను. నత్తని చదరంగానికి పక్కింటావిడ తీసుకెళ్లింది. నేను నడిపిదానితో కలిసి మెట్లెక్కి ఆ గదిలో కూర్చున్నాను. నా వేళ్లు ఎలాంటివో తెలుసు కదా, స్పానర్లు పట్టి పట్టి మొద్దుబారాయి. నీళ్లు అని చెప్పబోయి ఏదో బూతు చెప్పానట. గదంతా నవ్వింది, చప్పుడు లేకుండా నవ్వితే కూడా అంత సిగ్గేస్తుందని నాకు తెలియదు. నడిపిది నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని సరిచేసింది. దానికి ఇంత ఓపిక ఎక్కడిదో. నువ్వు మధ్యవాడి గురించి రాసింది అప్పుడు గుర్తొచ్చి, ఇంటికొచ్చాక అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. అయినా పావుగంట మాట్లాడుకున్నాం.

నీ మరదలు, నేను ఒక నిర్ణయానికి వచ్చాం. నువ్వు వచ్చెయ్. కవలల గది నీకు ఇస్తాం. నువ్వు కాదనకు.

నీ తమ్ముడు


శిబిరం, మందుల గోడౌన్,
జూన్ నెలాఖరు

తమ్ముడూ,

కాదంటున్నాను.

పైన చూశావా, చిరునామా మారింది. ఇన్‌చార్జి ముందు అరిచాడు. అరుస్తున్నాడని వాడి మెడ నరాలు చూసి తెలుసుకున్నాను. తర్వాత కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. కొత్త నర్సు వచ్చింది, చిన్నపిల్ల, చెవులు బాగున్నాయి. నన్ను మందుల గోడౌన్‌లో వేశారు. శిబిరానికి ఇటు చివర, పేలుళ్లకి దూరం. ఏ మందు ఎప్పుడు అయిపోతుందో నాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడ లేరు. నాకు నలభై ఆరేళ్లు. జాలి మీద ఒక గది తీసుకుని కూర్చునే వయసు కాదు. కవలల గది కవలలకే ఉంచు.

చెవుల డాక్టరుని చూడాలి. దానికి పన్నెండు రోజులు సెలవు ఇచ్చారు. ఆ పన్నెండు రోజులూ మీ ఇంటికే వస్తాను, చుట్టంలా. నన్ను చూసి ఎవరూ గట్టిగా అరవకండి, ముఖం నా వైపు తిప్పి మామూలుగా మాట్లాడండి. మరదలికి చెప్పు, ఈసారి నేనే ముందు మాట్లాడతాను.

అక్క


శిబిరం,
జూలై, సోమవారం

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. కొత్త మిషను కుడి చెవికి పెట్టుకునే ఉన్నాను. లారీ హారన్ వినపడి అదిరిపడ్డాను. వంటవాడు గరిటె కింద పడేస్తే కూడా అదిరిపడ్డాను. ప్రపంచం ఇంత మొరటుగా ఉంటుందని మర్చిపోయాను. డాక్టరు చెప్పినట్టు ఇది కొన్నాళ్లే పనిచేస్తుంది, తర్వాత ఆ చెవి కూడా పోవచ్చు. అందుకే సైగలు నేర్చుకోక తప్పదు. నీకు చెప్పనే లేదు, మూడో రోజు మీ వంటగదిలో కూర్చుని, నాకు రాదు పొమ్మని నడిపిదాని మీద విసుక్కున్నాను. ఈ వయసులో పలక పట్టించినట్టు ఉంది, ఒళ్లు మండిపోయింది. అది బుంగమూతి పెట్టలేదు, లేచి వెళ్లలేదు. నా చేతులు రెండూ బల్ల మీదికి లాక్కుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అన్నం, ఆకలి, చాలు, ఇంకా. ఆ నాలుగింటితో నెట్టుకొచ్చాం ఆ రోజంతా.

మీ ఇల్లు ఎప్పటికీ ప్రశాంతంగా ఉండదు, అది నేను కళ్లారా చూశాను. పెద్దవాడి తడి తువ్వాళ్లు, పిడుగు తలుపుల మీద వేలాడటం, నత్త చదరంగం బల్ల మీద ఎవరూ అన్నం పెట్టకూడదని అలక. నువ్వు, మరదలు ఒకరి చేతుల్లోంచి ఒకరు పిల్లల్ని అందుకుంటూ పరుగులు. దీనికి నేను చెప్పే ఉపాయం ఏమీ లేదు. నేనూ ముగ్గుర్ని పెంచాను, ఒకరిని చూస్తుంటే ఇంకొకరు కళ్ల ముందు నుంచి తప్పిపోయేవాళ్లు. ఎవరైనా అంతే.

బస్టాండులో ఆ చివరి పది నిమిషాల సంగతి నీకు తెలియదు. నువ్వు నా పెట్టె ఎక్కించి, పిడుగు ఎటో పరుగెత్తితే దాని వెనక వెళ్లావు. మరదలు నత్తకి నీళ్లు కొనడానికి వెళ్లింది. బస్సు తలుపు మూసేశారు. అవి తెరుచుకోని అద్దాలు. బస్సులో వాళ్లందరూ బయట ఉన్న తమవాళ్లతో ఏదో చెప్పాలని చూస్తున్నారు. ఒకాయన అద్దం మీద కొట్టి అరుస్తున్నాడు, బయట ఆయన భార్య ఏంటీ ఏంటీ అని చెవి దగ్గర చెయ్యి పెడుతోంది. ఒకమ్మాయి ఫోన్ తీసింది, అటు ఫోన్ ఎవరి దగ్గరుందో వెతుక్కుంటున్నారు. ఎవరి మాటా ఎవరికీ చేరడం లేదు.

నడిపిది నా కిటికీ కింద నిలబడింది. దాని చేతులు ఎత్తింది. నేనూ ఎత్తాను. ఆ బస్సు మొత్తంలో మేమిద్దరమే తీరిగ్గా మాట్లాడుకున్నాం. మందులు వేసుకోమంది, వేసుకుంటానన్నాను. నా చివరి సైగ తప్పని దిద్దింది. బస్సు కదిలాక కూడా పక్కనే నడుస్తూ చెబుతూనే ఉంది, మలుపు తిరిగేదాకా.

చివర్లో అది చెప్పింది నీ గురించి. అది మాత్రం నేను రాయను. నువ్వే దాన్ని అడుగు. నోటితో చెప్పదు, చేత్తోనే చెబుతుంది. నీకు మొదటిసారి అర్థం కాదు. మళ్లీ చెప్పమను, మళ్లీ చెబుతుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతుంది, దానికి విసుగు రాదు. నాకు తెలుసు.

అక్క